వాల్కో మాల్‌కీ, మా అమ్మ కొనే కొత్తిమీరకీ ఉన్న సంబంధం

2013 డిసెంబరులో అమ్మా నాన్నా మొదటిసారి మా దగ్గరికి వచ్చారు. అప్పట్లో మేం కాలిఫోర్నియాలోని కుపర్టినోలో వోల్ఫ్ రోడ్డుకి దగ్గర్లో ఒక అపార్ట్‌మెంట్‌లో అద్దెకుండేవాళ్ళం. గుంటూరులో ఉన్నన్నాళ్ళూ నాన్నకి పొద్దున్నే స్టేడియంలో నాలుగు చుట్లు నడవకపోతే కాఫీ దిగేది కాదు. ఇక్కడ చలి, పైగా వాన. అందుకని నేను ఆఫీసుకు వెళ్తూ ఆయన్ని వాల్కో మాల్ దగ్గర దింపేవాణ్ణి. మాల్ మా ఇంటికి మైలు దూరం కూడా లేదు. కానీ మధ్యలో ఫ్రీవే మీది వంతెన, కార్లు వేగం తగ్గించకుండా దూసుకొచ్చే ర్యాంపులు. అవి దాటుకుని వెళ్ళమనడానికి నాకే భయం. మొత్తానికి ఆయన నడవడానికి కారులో వెళ్ళేవాడు.

ఆ మాల్ అప్పటికే కొన ఊపిరితో ఉంది. మూడు చివర్లా మూడు పెద్ద దుకాణాలు, పైన సినిమా హాళ్ళు, మధ్యలో కారిడార్ల నిండా దించేసిన షట్టర్లు. వోల్ఫ్ రోడ్డు మీదుగా మాల్ రెండు ముక్కల్నీ కలుపుతూ ఒక వంతెన ఉండేది. నాన్న ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచి, అలసిపోతే ఐస్ రింక్ అద్దాల దగ్గర నిలబడి పిల్లలు స్కేటింగ్ చేస్తుంటే చూసేవాడు. "ఇంత పెద్ద బిల్డింగుకి కరెంటు బిల్లు ఎవడు కడతాడ్రా?" అని ఒకరోజు అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్నకి జవాబు చెప్పలేకే మా ఊరు ఆ తర్వాత పదేళ్ళు కొట్టుకుంది.

వాల్కో అన్నది ఏదో ఇటాలియన్ పేరనుకునేవాణ్ణి. కాదు. ఆ స్థలాన్ని అభివృద్ధి చేసినవాళ్ళ పేర్ల మొదటి అక్షరాలు: వేరియన్ అసోసియేట్స్, లెనార్డ్, లెస్టర్, క్రాఫ్ట్, ఒర్లాండో. కొన్ని కుటుంబాలు, ఒక ఎలక్ట్రానిక్స్ కంపెనీ. అంతకుముందు ఈ సిలికాన్ వ్యాలీ అంతా పళ్ళ తోటలు, ముఖ్యంగా ఎండబెట్టుకునే ప్లమ్ పళ్ళూ ఆప్రికాట్లూ. తోటల మీద చిప్పుల కంపెనీలొచ్చాయి, వాటిలో పనిచేసేవాళ్ళకి ఇళ్ళొచ్చాయి, ఆ ఇళ్ళవాళ్ళకి 1976లో మాల్ వచ్చింది. మాల్ చుట్టూ పార్కింగ్. అదే అసలు సంగతి. ఒక కారు నిలబడటానికి, వెనక్కి తిప్పుకుని బయటపడటానికి సుమారు 300 చదరపు అడుగులు కావాలి. గుంటూరు బ్రాడీపేట నాలుగో లైన్లో మేం అద్దెకున్న రెండు గదుల వాటా అంతకంటే పెద్దదేం కాదు. అందులో ఐదుగురం, పండగలకు తొమ్మిది మందిమి.

మాల్ ఎందుకు చచ్చిందంటే అందరూ అమెజాన్ పేరు చెబుతారు. అది సగమే నిజం. స్టీవెన్స్ క్రీక్ రోడ్డు పట్టుకుని తూర్పుకి కొన్ని మైళ్ళు పోతే వ్యాలీ ఫెయిర్ అనే మాల్ ఉంది. అది ఇప్పటికీ కిటకిటలాడుతూనే ఉంటుంది. కారులోనే వెళ్ళాలనుకున్నాక జనం ఇంకో పది నిమిషాలు నడుపుకుంటూ మంచిదానికే పోతారు. నడిచి వచ్చే మనిషైతే పక్కవీధి కొట్టును వదలడు. కార్ల కోసం కట్టిన కొట్టుకి పక్కవీధంటూ ఉండదు.

2014లో మాల్ మొత్తాన్ని శాండ్ హిల్ ప్రాపర్టీ అనే సంస్థ కొనేసింది. అదే ఏడాది మేమూ కుపర్టినోలోనే ఒక టౌన్‌హౌస్ కొన్నాం. ఆ రెంటికీ సంబంధం లేదు గానీ, ఆ తర్వాత నా బుర్ర ఎలా పనిచేసిందో అర్థం కావాలంటే ఇది చెప్పాలి. ఇల్లు కొన్న రోజు దాకా "ఈ ఊళ్ళో ఇళ్ళు ఎందుకు కట్టరు?" అని తిట్టుకున్న మనిషిని. తాళాలు చేతికొచ్చిన వారానికి "ఇంకా కడితే ట్రాఫిక్ ఏమవుతుంది?" అనడం మొదలుపెట్టాను.

2015లో శాండ్ హిల్ వాళ్ళు ఒక ప్లాన్ బయటపెట్టారు. 800 అపార్ట్‌మెంట్లు, 20 లక్షల చదరపు అడుగుల ఆఫీసులు, వాటన్నిటి మీదా ముప్పై ఎకరాల పచ్చటి తోట. కొండని తెచ్చి మేడ మీద పరిచినట్టు ఉండేవి బొమ్మలు. 2016 నవంబరు ఎన్నికల్లో దీని మీద రెండు తీర్మానాలు ఓటుకొచ్చాయి. ప్లాన్ కావాలనేవాళ్ళు డి, వద్దనేవాళ్ళు సి. మా కాలనీ వాట్సాప్ గ్రూపు, తెలుగువాళ్ళ గ్రూపు, బడి తల్లిదండ్రుల గ్రూపు, మూడూ మోగిపోయాయి. నాకు ఓటు లేదు. గ్రీన్ కార్డు క్యూలో ఉన్నవాడికి ఓటెక్కడిది? అయినా ఇంటిముందు గడ్డిలో 'సి'కి అవును, 'డి'కి కాదు అనే బోర్డు పాతాను. ఓటు లేనివాడి ఇంటి ముందు ఎన్నికల బోర్డేంటని మా ఆవిడ నవ్వింది. నేను నవ్వలేదు, నాకు అంత సీరియస్.

చివరికి సి ఓడింది, డి కూడా ఓడింది. ఏదీ వద్దని తేల్చిన ఊరికి మిగిలింది ఖాళీ మాల్.

అప్పుడు నా భయమల్లా బడి గురించి. ఇక్కడ మనవాళ్ళు ఇల్లు కొనేది గోడల్ని చూసి కాదు, బడి హద్దుల్ని చూసి. అపార్ట్‌మెంట్లు వస్తే పిల్లలు పోటెత్తుతారు, క్లాసుకి నలభై మంది అవుతారు అని ఒక ఎక్సెల్ షీటు కూడా తయారుచేసి గ్రూపులో పెట్టాను. దాన్ని ఎవరో ఫార్వర్డ్ చేసుకుంటూ పోయి, రెండు నెలల తర్వాత అది నాకే తిరిగొచ్చింది, ఎవరో నిపుణుడు లెక్కగట్టాడన్న పరిచయంతో.

జరిగింది దానికి పూర్తిగా తలకిందులు. పిల్లలు పెరగలేదు, ఏటేటా తగ్గారు. 2021లో బడుల బోర్డు ఓటేసి, 2022 వేసవికి రెండు ప్రాథమిక పాఠశాలల్ని, రెగ్నార్ట్‌నీ మేయర్‌హోల్జ్‌నీ, మూసేసింది. కారణం పెద్ద రహస్యమేం కాదు. చిన్నపిల్లలున్న జంట ఇక్కడ ఇల్లు కొనలేదు. కొనగలిగే వయసొచ్చేసరికి పిల్లలు హైస్కూల్లో ఉంటారు. పాతికేళ్ళ కిందట కొన్నవాళ్ళు పిల్లలు కాలేజీకెళ్ళిపోయినా కదలరు. ఎందుకు కదులుతారు? 1978లో వచ్చిన ప్రొపొజిషన్ 13 ప్రకారం ఇంటిపన్ను కొన్న ధరలో ఒక శాతం దగ్గర మొదలై, పన్ను లెక్కకి తీసుకునే ఆ విలువ ఏడాదికి రెండు శాతానికి మించి పెరగదు. పక్కపక్క ఇళ్ళలో ఒకరు కట్టే పన్నుకి ఇంకొకరు ఐదింతలు కట్టడం ఇక్కడ వింతేం కాదు. కదిలితే సాధారణంగా కొత్త పన్ను. కూర్చుంటే పాత పన్ను. అందరూ కూర్చున్నారు. పిల్లలు ఎక్కువైపోతారన్న భయంతో ఇళ్ళని ఆపిన ఊళ్ళో పిల్లలు లేక బళ్ళు మూతబడ్డాయి. నా ఎక్సెల్ షీటు ఇప్పటికీ నా లాప్‌టాప్‌లో ఉంది. తీసెయ్యలేదు, అప్పుడప్పుడు తెరిచి చూసుకుంటాను.

ఇంతలో రాష్ట్రం జోక్యం చేసుకుంది. ఎస్‌బీ 35 అనే చట్టం 2018 జనవరి నుంచి అమల్లోకొచ్చింది. దాని సారాంశం ఇది: ఇళ్ళ లక్ష్యం అందుకోని ఊళ్ళో, రాసిపెట్టిన నిబంధనలన్నీ పాటించి, తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకి తగినన్ని ఇళ్ళు కేటాయించి ఎవరైనా కడతామంటే ఊరు గడువులోగా ఒప్పుకోవాల్సిందే. సిటీ కౌన్సిల్ మీటింగుల్లో మూడు నిమిషాల మైకు ఉపన్యాసాలతో ఆపడం కుదరదు. శాండ్ హిల్ అదే ఏడాది మార్చిలో 2,402 ఇళ్ళకి దరఖాస్తు పెట్టింది. అందులో సగం తక్కువ ఆదాయం వాళ్ళకి. మనం 800 ఇళ్ళు వద్దన్నాం, దానికి మూడింతలొచ్చాయి. సెప్టెంబరులో ఆమోదం, ఆ వెంటే కోర్టు కేసు, 2020 మేలో ప్రాజెక్టుకి అనుకూలంగా తీర్పు. తర్వాత ప్లాన్ మారుతూ మారుతూ 2024లో 2,669 ఇళ్ళ దగ్గర ఆగింది. అందుబాటు ధర ఇళ్ళు సగం నుంచి మూడో వంతుకి, అంటే 890కి తగ్గాయి. ఆఫీసులు మాత్రం పెద్దగా తగ్గలేదు, 19.5 లక్షల చదరపు అడుగులు. పోయినసారి నేను అటుగా వెళ్ళినప్పుడు కంచె, మట్టి, గడ్డి. ఐస్ రింక్ మాత్రం అలాగే ఉంది.

ఇప్పుడు నేను దీనికి పూర్తిగా మద్దతా? ఇళ్ళకి మద్దతు. మిగతాదానితో పేచీ ఉంది, అది చెప్పడానికే ఇంత సోది.

తలకి 240 చదరపు అడుగులు వేసుకున్నా ఆ ఆఫీసుల్లో ఎనిమిది వేల మంది పడతారు. ఇళ్ళు 2,669. ఇంటికి ఇద్దరు ఉద్యోగులనుకున్నా ఐదున్నర వేలు దాటరు. మిగతావాళ్ళు ఎలా వస్తారు? ఫ్రీవేకి అవతలే ఆపిల్ పార్కు ఉంది, అందులో పన్నెండు వేల మంది. పొద్దున్న తొమ్మిదింటికి వోల్ఫ్ రోడ్డు ర్యాంపు మీద ఎప్పుడైనా ఉన్నారా? నేనుంటాను, వారానికి మూడు రోజులు. ఈ ప్రాజెక్టు గోడ పక్కనుంచి వెళ్ళేది 23 నంబరు బస్సు, దానికే వేగంగా పోయే రూపం 523. మంచి బస్సే. కానీ దానికి సొంత దారి లేదు, కార్లతోపాటు అదే సిగ్నల్ దగ్గర, అదే వరసలో ఆగుతుంది. కారులో కూర్చున్నవాడు బస్సుని చూసి అసూయపడినప్పుడే బస్సెక్కుతాడు. ఇప్పుడైతే జాలిపడుతున్నాడు.

జనాన్ని పైకి పేర్చినంత మాత్రాన ఊరవ్వదు. మా బ్రాడీపేటని ఎవరూ ట్రాన్సిట్ ఓరియెంటెడ్, అంటే రైళ్ళూ బస్సుల చుట్టూ అల్లుకున్న ఊరు, అని ప్లాన్ చెయ్యలేదు. ఆ మాటే ఎవరికీ తెలీదు. లైన్లు, అడ్డరోడ్లు, నంబర్లు: నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు అంటే రిక్షా అతను ఇంకో మాట అడిగేవాడు కాదు. శంకర్ విలాస్ సెంటరు దాటితే అవతల అరండల్‌పేట. రైల్వే స్టేషన్‌కి పెట్టె నెత్తిన పెట్టుకుని నడిచిపోయేవాళ్ళు. కింద మందుల షాపు, పైన డాక్టరు, ఆ పైన ఇంటి ఓనరు. అది స్వర్గమని నేననను. కాలవలు పొంగేవి, దోమలు, ఫుట్‌పాత్ అన్నది పేరుకే. పొరపాటున కూడా దాన్ని ఎత్తుకొచ్చి ఇక్కడ పెట్టమనడం లేదు. కానీ మా నాయనమ్మ డెబ్భై ఎనిమిదేళ్ళ వయసులో ఎవర్నీ అడక్కుండా కూరలు కొనుక్కునేది, గుడికెళ్ళేది, అలిగితే చెల్లెలింటికి వెళ్ళిపోయేది. అలిగి వెళ్ళగలగడం చిన్న విషయం కాదండీ. మా అమ్మ ఇక్కడ అలిగితే బెడ్‌రూమ్‌లోకి తప్ప ఎక్కడికీ వెళ్ళలేదు.

హైదరాబాదులో కూడా చూశాను. పంజాగుట్టలో, ఎర్రమంజిల్‌లో మెట్రో స్టేషన్‌ని ఆనుకుని మాల్స్ కట్టారు. రైలు పక్కన దుకాణాలొచ్చాయి, మంచిదే. నేననేది రైలు పక్కన ఇళ్ళు.

ఇక సన్నీవేల్ సంగతి. వాల్కో నుంచి నాలుగైదు మైళ్ళే, కానీ కథ వేరు. అక్కడ మాల్ కట్టింది పళ్ళతోటలో కాదు, ఊరి నడిబొడ్డున. పాత బజారు వీధుల్ని కొన్నిటిని పడగొట్టి 1979లో టౌన్ సెంటర్ అని ఒక మాల్ వేశారు. మర్ఫీ వీధిలో ఒక్క ముక్క మాత్రం మిగిలింది, స్టేషన్ వైపు ఉన్నది. పాతికేళ్ళు కూడా తిరక్కుండానే, 2003లో ఆ మాల్ మూతపడింది. పడగొట్టి మళ్ళీ వీధులు వేద్దామని మొదలుపెట్టారు. 2009లో అప్పుల్లో మునిగి, బ్యాంకు స్వాధీనం చేసుకుని, కోర్టులకెక్కి, ఇనుప చట్రాలు అలాగే తుప్పుపడుతూ ఏళ్ళతరబడి నిలబడ్డాయి. నేను ఆ దారిలో పోతూ "మన దగ్గరే అనుకున్నా, ఇక్కడా ఇంతే" అని సంతోషపడిన రోజులున్నాయి. 2016లో కొత్తవాళ్ళు కొన్నారు. ఇప్పుడు దాని పేరు సిటీలైన్. పడగొట్టిన వీధుల గీతలు మళ్ళీ వచ్చాయి. మధ్యలో పాత రెడ్‌వుడ్ చెట్లని నరక్కుండా వాటి చుట్టూ ఒక చావడిలాగా ఖాళీ వదిలారు. కోవిడ్ రోజుల్లో మర్ఫీ వీధిని కార్లకి మూసేశారు, తర్వాత మళ్ళీ తెరవలేదు.

అక్కణ్ణుంచి ఐదు నిమిషాలు నడిస్తే కాల్‌ట్రెయిన్ స్టేషన్. ఆ లైను 1864 నాటిది, నిన్నటిదాకా డీజిల్ పొగ. 2024 సెప్టెంబరు నుంచి పూర్తిగా కరెంటు రైళ్ళు. రైలు వచ్చినట్టే తెలీదు, చప్పుడు లేదు. సన్నీవేల్‌లో అద్దెకున్న మా ఆఫీసు కుర్రాడొకడు కారు అమ్మేశాడు. పెళ్ళి సంబంధం మాట్లాడేటప్పుడు "అబ్బాయికి కారు కూడా లేదట" అని అమ్మాయి వాళ్ళు వెనకాడారట. ఇక్కడ మన లోకం ఇదీ.

అక్కడ అద్దెలు చవకా? కాదు. ఒక బెడ్‌రూమ్ అద్దె చెబితే అమ్మ చెవులు మూసుకుంటుంది. "కట్టారుగా, మరి ధర ఎందుకు తగ్గలేదు?" అని నాతో వాదించేవాళ్ళు దీన్నే పట్టుకుంటారు. నలభై ఏళ్ళు కట్టకుండా ఉండి, ఒక్కచోట కొన్ని వందలు కట్టి, ధర తగ్గలేదంటే ఎలా? ఒక్క కుపర్టినోకే 2023 నుంచి 2031 లోపు 4,588 ఇళ్ళకి చోటు చూపమని రాష్ట్రం లెక్క ఇచ్చింది. ఊరి జనాభా అరవై వేలు. వాల్కో ఒక్కటి పూర్తయితే ఆ లెక్కలో సగం పైన తీరేది. అయితే ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. కట్టేవాడు పుణ్యానికి కట్టడు. వడ్డీ పెరిగితే ఆగిపోతాడు, ఆఫీసులకి గిరాకీ పడిపోతే ప్లాన్ మార్చుకుంటాడు, అందుబాటు ఇళ్ళ సంఖ్య తగ్గించుకునే దారి చట్టంలో ఉంటే తగ్గించుకుంటాడు. అందుకే నా గొడవ ఎత్తు మీద కాదు. ఏడంతస్తులా పన్నెండా అని కొట్టుకునే బదులు ఆఫీసులు ఎన్ని, ఇళ్ళు ఎన్ని, బస్సుకి సొంత దారి ఎప్పుడు అని అడిగి ఉంటే 2016లోనే మనకి బేరమాడే బలం ఉండేది. మనం ఒక్కటే మాట నేర్చుకున్నాం, వద్దు అని. దాంతో బేరం బల్ల దగ్గర మన కుర్చీ పోయింది.

మనం అన్నాను కదా, ఆ మనం ఎవరన్నది కూడా నన్ను తొలిచేస్తుంది. కొత్త ఇళ్ళు ఎవరికి కావాలి? మొన్న హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో దిగిన పిల్లలకి, హెచ్1 మీద అద్దెకుండేవాళ్ళకి, నర్సులకి, టీచర్లకి. వాళ్ళలో మనవాళ్ళెవరికీ ఓటు లేదు. ఓటున్న మనవాళ్ళు ఇళ్ళు కొనేసుకుని స్థిరపడ్డారు. సిటీ కౌన్సిల్ మీటింగు మంగళవారం రాత్రి. చంటిపిల్లతో అద్దె ఇంట్లో ఉన్న అమ్మాయి అర్ధరాత్రిదాకా మైకు కోసం ఎదురుచూస్తుందా? వెళ్ళేది నాలాంటివాడు. నేను వెళ్ళి "ఈ ఊరి స్వభావం" అని ఇంగ్లీషులో గంభీరంగా మాట్లాడాను కూడా. ఊరి స్వభావం! వచ్చి ఎనిమిదేళ్ళు కాలేదు అప్పటికి. నాకంటే ముందు వచ్చినవాళ్ళు నా గురించి అదే మాట అనుకుని ఉంటారని అప్పుడు తట్టలేదు.

నాన్న 2019లో పోయారు. అమ్మ ఆ తర్వాత రెండుసార్లు వచ్చింది. మొదటిసారి మూడు నెలలకే టికెట్ ముందుకు జరిపించుకుంది. "నువ్వు బాగానే చూస్తున్నావు నాన్నా, కానీ రోడ్డు మీద ఒక్క మనిషి కనపడడు, ఇదేం ఊర్రా" అంది. కొత్తిమీర అయిపోతే నేను మీటింగు ముగించుకుని వచ్చేదాకా పప్పు పొయ్యి మీదే ఉండేది. నా కొడుకు "మామ్మా, డెలివరీ పెడతా" అంటాడు. పెడతాడు కూడా. కట్ట రెండు గంటల్లో వస్తుంది. ఆవిడకి కావాల్సింది కట్ట ఒక్కటే కాదు, వెళ్ళి తెచ్చుకోవడం, దార్లో ఎవరో ఒకరు "ఏం వదినా, కూరేంటి" అనడం.

రెండోసారి, పోయిన శరదృతువులో, శనివారం పొద్దున్నే సన్నీవేల్ తీసుకెళ్ళాను. మర్ఫీ వీధిలో రైతుబజార్ లాంటి సంత పెడతారు. కారు ఎక్కడ పెట్టాలా అని నేను చుట్లు తిరుగుతుంటే ఆవిడ దిగిపోయింది. నేను వెతుక్కుంటూ వచ్చేసరికి రెడ్‌వుడ్ చెట్ల కింద బల్ల మీద కూర్చుని ఉంది. పక్కన ఇంకో ఇద్దరు, ఒకావిడ ఒంగోలు, ఒకావిడ కరీంనగర్. పది నిమిషాల్లో ఎవరి మోకాళ్ళకి ఏ మందో తేలిపోయింది. స్వెట్టర్ల మీద చీర కొంగులు కప్పుకుని ఆ చుట్టుపక్కల ఇంకో పదిమందైనా ఉన్నారు. అమ్మ నావైపు చూసి, "ఇంతమంది ఎక్కడ దాక్కున్నార్రా ఇన్నాళ్ళూ?" అంది. వాళ్ళలో ఒకావిడ కొడుకు దగ్గరికి నడిచి వెళ్ళిపోయింది, ఇల్లు అక్కడే, మూడో అంతస్తు. అమ్మ ఆవిడ వెళ్ళినంతసేపూ చూస్తూనే ఉంది.

రైళ్ళకీ మంచి బస్సు స్టాపులకీ దగ్గర్లో ఎత్తుగా కట్టనివ్వాలని కాలిఫోర్నియాలో 2025లో ఎస్‌బీ 79 అని ఇంకో చట్టం చేశారు. పోయినవారం మా తెలుగు గ్రూపులో దాని మీద పిటిషన్ వచ్చింది. మన వీధుల్ని కాపాడుకుందాం అని పైన. నేను సంతకం పెట్టలేదు, పోట్లాడనూ లేదు, నా పాత ఎక్సెల్ షీటు మాత్రం అటాచ్ చేసి, కింద మూతబడ్డ రెండు బళ్ళ పేర్లు రాశాను. ఎవరూ ఏమీ అనలేదు, ఒకాయన బొటనవేలు పెట్టాడు. సాయంత్రానికి సంతకాలు పదిహేడయ్యాయి. అందులో నలుగురి అమ్మానాన్నలు ఇప్పుడు ఇక్కడే ఉన్నారని నాకు తెలుసు. ఆదివారం వాళ్ళని కూడా కారులో ఎక్కించుకుని సన్నీవేల్ తీసుకెళ్తానని చెప్పాను. నలుగురూ వస్తామన్నారు. ఒక్క కారు సరిపోదు.